పిల్లల పెత్తనంలో పచ్చని బడి: ఎలా మొదలుపెట్టాలి?

మన బడుల్లో పర్యావరణ కార్యక్రమం అనగానే మొక్కలు నాటడమే గుర్తుకొస్తుంది. జూలైలో వనమహోత్సవం, గుంతలు, మొక్కలు, అతిథులు, ఫొటోలు. ఏప్రిల్ 24 ప్రాంతంలో వేసవి సెలవులు ఇచ్చాక నీళ్లు పోసే దిక్కు లేక సగం మొక్కలు ఎండిపోతాయి. జూన్‌లో బడి తెరిచాక అవే గుంతల్లో మళ్లీ కొత్త మొక్కలు పెడతారు. ఇందులో పిల్లల లోపం ఏమీ లేదు. వాళ్లకు పని చెప్పారు గానీ ఏ పని చేయాలో తేల్చుకునే అవకాశం ఇవ్వలేదు. ఆ అవకాశం ఎలా ఇవ్వాలో, ఏ పని తర్వాత ఏ పని ఎత్తుకోవాలో చెప్పడానికే ఈ వ్యాసం. ప్రభుత్వ ఉన్నత పాఠశాలను దృష్టిలో పెట్టుకుని రాశాను. ప్రైవేటు బడులకూ చాలావరకు పనికొస్తుంది.

ముందు ఒక బృందం

కేంద్ర పర్యావరణ శాఖ 2001లో ప్రారంభించిన జాతీయ హరిత దళం కింద చాలా బడుల్లో ఎకో క్లబ్బులు ఉన్నాయి. మీ బడిలో అది కాగితాల మీద మాత్రమే ఉంటే దాన్నే మళ్లీ లేపండి, కొత్త పేరుతో ఇంకొకటి అక్కర్లేదు. ఆరో తరగతి నుంచి తొమ్మిదో తరగతి వరకు ప్రతి సెక్షన్ నుంచి ఇద్దరు చాలు, ఒక అమ్మాయి, ఒక అబ్బాయి. వాళ్లను ఆ తరగతి పిల్లలే ఎన్నుకోవాలి. టీచర్లు ఎంచితే ఎప్పుడూ మొదటి ర్యాంకుల వాళ్లే వస్తారు. గోడ దూకి చెట్టెక్కే కుర్రాడికి బడిలో ఏ కుళాయి కారుతోందో, ఏ మూల చెత్త పోస్తారో అందరికంటే బాగా తెలుసు. పదో తరగతి వాళ్లకు పబ్లిక్ పరీక్షలు ఉంటాయి కాబట్టి వాళ్లను సలహాలకే పరిమితం చేయండి.

ఒక విషయంలో మాత్రం ప్రధానోపాధ్యాయుల మాట ముందే తీసుకోవాలి. నెలకు ఒకసారి అరగంట ఈ బృందంతో కూర్చుంటామని, పిల్లలు అడిగినదానికి అవునో కాదో, కాకపోతే ఎందుకు కాదో అక్కడే చెబుతామని. ఈ అరగంట లేకపోతే మిగతాదంతా రెండు నెలల్లో నీరసించిపోతుంది.

ఏడాదిలో మొదటి నెల లెక్కలకే

ఢిల్లీలోని సెంటర్ ఫర్ సైన్స్ అండ్ ఎన్విరాన్‌మెంట్ నడిపే గ్రీన్ స్కూల్స్ కార్యక్రమంలో బడిని గాలి, నీరు, నేల, విద్యుత్తు, ఆహారం, చెత్త అనే ఆరు అంశాల కింద పిల్లలే తనిఖీ చేస్తారు. మంచి పద్ధతి. అయితే మొదటి ఏడాదే ఆరింటినీ నెత్తిన పెట్టుకోవద్దు. చెత్త, నీరు, కరెంటు చాలు.

చెత్త లెక్క ఇలా తీయవచ్చు. మామూలుగా బడి నడిచే ఒక బుధవారమో గురువారమో ఎంచుకోండి. ఆ రోజు పోగైన చెత్తనంతా సాయంత్రం పాత ఫ్లెక్సీ మీద కుమ్మరించి కాగితం, చాక్లెట్, చిప్స్ రేపర్లు, పెన్నులు, అన్నం కూరలు, ఆకులు, ఇతరాలు అని కుప్పలు చేయండి. చేతులకు తొడుగులు, పక్కన ఒక టీచరు తప్పనిసరి. గాజుముక్కలు, బ్లేడ్లు కనిపిస్తే పిల్లలు ముట్టుకోకూడదు. ఒక్కో కుప్పను సంచిలో వేసి స్ప్రింగ్ త్రాసుకు తగిలించి బరువు రాయండి. రేపర్లను మాత్రం తూచకుండా లెక్కపెట్టాలి, ఎందుకంటే వాటికి బరువు ఉండదు. నెల తర్వాత బుధవారమైతే బుధవారమే, గురువారమైతే గురువారమే, అదే పద్ధతిలో మళ్లీ చేస్తేనే పోల్చడానికి వీలవుతుంది.

నీటికి ఇంకా తేలిక. కారే కుళాయి కింద లీటరు సీసా పెట్టి గంటలో ఎంత నిండిందో చూసి 24తో గుణించండి. గంటకు అర లీటరు కారినా రోజుకు 12 లీటర్లు. అలాంటి కుళాయిలు ఐదుంటే 60 లీటర్లు. ఈ అంకె ఆరో తరగతి పిల్ల నోటి నుంచి సమావేశంలో వస్తే వాషరు మార్చే మనిషి వారంలోనే వస్తాడు. సిబ్బంది పెట్టిన అర్జీకి కదలని పని పిల్లల లెక్కకు కదులుతుంది.

కరెంటు లెక్క లెక్కల టీచరుకు అప్పగించండి. పాత సీలింగ్ ఫ్యాను సుమారు 75 వాట్లు. గదికి నాలుగు ఫ్యాన్లు, పన్నెండు గదులు. భోజనం విరామంలో గంటసేపు ఖాళీ గదుల్లో తిరిగితే రోజుకు 3.6 యూనిట్లు, 220 పనిదినాలకు 792 యూనిట్లు. పిల్లలు దీన్ని బోర్డు మీద వాళ్ల చేత్తో వేయాలి.

మధ్యాహ్న భోజనం దగ్గర ఆగి చూడండి

ప్రభుత్వ బడిలో తడి చెత్తలో పెద్ద వాటా ఇక్కడిదే. ఒక్కొక్కరు 30 గ్రాముల అన్నం వదిలేసినా 300 మంది బడిలో రోజుకు తొమ్మిది కిలోలు. దాన్ని ఎరువుగా మార్చడం రెండో పని. అసలు ఎందుకు వదిలేస్తున్నారో కనుక్కోవడం మొదటిది.

పళ్లేలు కడిగే చోట ఒక బకెట్ పెట్టి, మిగిలినదంతా అందులో వేయించి, రెండు వారాలు రోజూ తూచండి. పక్కనే ఆ రోజు వండినవి రాయండి. పదిరోజుల్లో కథ అర్థమవుతుంది. ఏ రోజు బకెట్ తేలిగ్గా ఉంది, ఏ కూర రోజు నిండిపోయింది, చిన్న తరగతులకు కూడా పెద్దవాళ్లకు వేసినంత అన్నం వేస్తున్నారా, వరుసలో చివరివాళ్లకు తినే సమయం మిగులుతోందా అన్నవి తెలుస్తాయి. చాలాచోట్ల రెండు మార్పులే సరిపోతాయి. మొదట కొంచెం వేసి, కావాలన్నవాళ్లకు రెండోసారి వడ్డించడం ఒకటి. చిన్న తరగతులను ముందు కూర్చోబెట్టడం ఇంకొకటి.

ఈ లెక్కను వంట చేసే అక్కల మీద ఫిర్యాదుగా మార్చవద్దు. తక్కువ వేతనంతో, ఒక్కోసారి బిల్లులు ఆలస్యమైనా పొయ్యి ఆరకుండా చూసేది వాళ్లే. వాళ్లను పక్కన కూర్చోబెట్టుకుని, పిల్లల చేత కాగితం చూపించి, ‘సాంబారు రోజు తక్కువ మిగులుతోంది అక్కా, పప్పు రోజు ఎక్కువ మిగులుతోంది, ఏం చేద్దాం?’ అని అడిగించండి. తాలింపు పెంచాలో నీళ్లు తగ్గించాలో వాళ్లకు మనం చెప్పనక్కర్లేదు.

ఎరువు గొయ్యి

మీటరు పొడవు, మీటరు వెడల్పు, రెండడుగుల లోతుతో పక్కపక్కనే రెండు గోతులు పెద్దవాళ్ల చేత తవ్వించండి. నీళ్లు నిలవని చోటు, తరగతి గదులకు, బోరుకు దూరంగా, కాస్త నీడలో ఉండాలి. అడుగున పుల్లలు, ఎండుటాకులు అరడుగు మందాన పరచాలి. ఆపైన కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం రెండు మూడు అంగుళాలకు మించకుండా వేసి, దానికి రెండింతల ఎండుటాకులు కప్పి, గుప్పెడు పాత పెంట ఎరువు చల్లాలి. రోజూ ఇదే వరుస. గుడ్డు పెంకులు నలిపి వేస్తే త్వరగా కలుస్తాయి. పైన ఇనుప జాలీ మూత లేకపోతే కుక్కలు, పందికొక్కులు తవ్వేస్తాయి.

తేమ సరిపోయిందో లేదో పిల్లలకు చేత్తో నేర్పాలి. గుప్పెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు వేళ్ల మధ్య కనబడాలి. నీరు ధారగా కారితే ఎండుటాకులు కలపాలి. పొడిపొడిగా రాలిపోతే నీళ్లు చిలకరించాలి. కుళ్లు వాసన వస్తోందంటే లోపలికి గాలి అందడం లేదని అర్థం, తిరగేసి ఎండుటాకులు వేస్తే రెండు రోజుల్లో పోతుంది. వారానికోసారి తిరగేస్తూ, ఒక గొయ్యి నిండాక రెండోదానికి మారండి. రెండు మూడు నెలలకు నల్లగా, వాన పడిన మట్టి వాసనతో ఎరువు తయారవుతుంది.

ఆకులను తగలబెట్టే అలవాటు మాత్రం గొయ్యి మొదలైన రోజే ఆగాలి. ఊడ్చి, మూల కుప్పపోసి నిప్పు పెట్టడం మన బడుల్లో ఎంత మామూలైపోయిందంటే, ఆ పొగ పీలుస్తూ పిల్లలు ప్రార్థనలో నిలబడినా ఎవరికీ తప్పనిపించడం లేదు. చెత్తను బహిరంగంగా కాల్చడం నిబంధనలకు కూడా విరుద్ధం.

ప్లాస్టిక్: బడి వేడుకలతో మొదలుపెట్టండి

పిల్లల చేతిలోని రేపరు కంటే ముందు పెద్దల వేదికను సరిదిద్దాలి. 2022 జూలై 1 నుంచి దేశమంతటా నిషేధించిన ఒకసారి వాడి పారేసే వస్తువుల జాబితాలో ప్లాస్టిక్ జెండాలు, అలంకరణకు వాడే థర్మోకోల్, ప్లాస్టిక్ పళ్లేలు, గ్లాసులు, 100 మైక్రాన్ల లోపు పీవీసీ బ్యానర్లు ఉన్నాయి. ఆగస్టు 15 వేడుకల్లో ఇవి కనబడని బడి ఎన్ని ఉన్నాయో చూడండి. సైన్స్ ప్రాజెక్టులకు థర్మోకోల్ షీట్లు తెమ్మనడం ఆపి అట్టపెట్టెలు, మట్టి, వెదురు వాడించాలి. ఏటా కొత్త ఫ్లెక్సీకి బదులు తేదీ మాత్రం మార్చుకునే గుడ్డ బ్యానరు ఒకటి కుట్టిస్తే చాలు. వినాయక చవితికి వారం ముందు బడిలోనే మట్టి విగ్రహాలు చేయించండి.

పాత నోటుపుస్తకాల్లో మిగిలిన తెల్లకాగితాలను ఏడాది చివర చింపి, కుట్టి రఫ్ పుస్తకాలు చేయవచ్చు. వేరు చేసిన పొడి చెత్తను పంచాయతీ బండికి అప్పగించే రోజును ముందే మాట్లాడుకోండి. వేరు చేసిన చెత్త మళ్లీ ఒకే బండిలో కలిసిపోవడం పిల్లలు ఒక్కసారి చూశారంటే ఇక మీ మాట వినరు.

నీరు, చెట్లు

చేతులు, పళ్లేలు కడిగిన నీరు బడి వెనక మురికిగుంట అయి దోమలు పెంచుతుంటుంది. జాలీతో మెతుకులు ఆపి, కంకర నింపిన చిన్న గుంత మీదుగా ఆ నీటిని అరటి, చేమ మొక్కలకు మళ్లించండి. పెరటి తోటలో గోంగూర, బచ్చలి, కరివేపాకు వేస్తే వంటకే పనికొస్తాయి.

వాన నీటికి ఒకే సూత్రం పిల్లలకు చెప్పండి. చదరపు మీటరు కప్పు మీద ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు. అనంతపురంలాంటి కరవు ప్రాంతంలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్లు కురిసినా, 200 చదరపు మీటర్ల కప్పు మీద లక్షా పది వేల లీటర్లు పడతాయి. అయిదో వంతు పోయినా 88 వేల లీటర్లు ఇంకుడు గుంతకు చేరతాయి. మొదటి వానకు కప్పు మీది దుమ్మంతా కొట్టుకొస్తుంది, ఆ నీటిని బయటికి వదిలేయాలి.

చెట్ల విషయంలో సంఖ్య మీద వ్యామోహం వదులుకోండి. ఇరవై నాటి పద్దెనిమిది బతికించడం మేలు. వేప, కానుగ, నేరేడు, ఉసిరి మన నేలకు అలవాటైనవి. మునగ కొమ్మ పెళుసు కాబట్టి ఆడుకునే చోటుకు దూరంగా వేయండి. త్వరగా పెరుగుతుందని కోనోకార్పస్ జోలికి వెళ్లవద్దు. గుజరాత్ ప్రభుత్వం 2023లో దాని పెంపకాన్నే నిషేధించింది.

డబ్బు, పెద్దల పని

పాఠశాల విద్యకు కేంద్రం, రాష్ట్రాలు కలిసి నడిపే సమగ్ర శిక్షా పథకం కింద ఏటా వచ్చే స్కూలు గ్రాంటులో కనీసం పది శాతం పరిశుభ్రతకు వాడాలన్న నియమం ఉంది. వాషర్లు, జాలీ మూత, త్రాసు దాంట్లోంచే వస్తాయి. ఫ్యాన్లు పాడైనప్పుడు 30 వాట్ల చుట్టుపక్కల తీసుకునే బీఎల్‌డీసీ ఫ్యాన్లు వేయమని పిల్లలు లెక్కతో సహా యాజమాన్య కమిటీని అడగాలి. తెలంగాణలో అయితే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీని.

ఒక హద్దు గట్టిగా పెట్టుకోండి. మరుగుదొడ్లు కడగడం, నిచ్చెన ఎక్కడం, కరెంటు మరమ్మతులు పిల్లల పనులు కావు. పచ్చదనం పేరుతో వాళ్ల చేత చాకిరీ చేయించిన బడిని ఎవరూ మెచ్చుకోకూడదు.

మార్చిలో అప్పగింత, వేసవిలో నీళ్లు

మార్చి మధ్యలో ఒంటిపూట బడులు మొదలవుతాయి. అంతకు ముందే బృందంలోని తొమ్మిదో తరగతి వాళ్లు, ఏడాదంతా తీసిన చెత్త, నీరు, కరెంటు లెక్కలు రాసుకున్న పుస్తకాన్ని ఎనిమిదో తరగతి వాళ్లకు అప్పగించాలి. ఏది సాధించలేకపోయామో కూడా అందులో రాయాలి.

ఇక సెలవుల్లో నీళ్లు. బడికి అరకిలోమీటరు లోపు ఇళ్లున్న పిల్లల పేర్లు తీసి, ఇంటికి రెండు మొక్కల చొప్పున వంతులు వేయండి. గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో తల్లిదండ్రులకు చెప్పండి. మొక్క మొదట్లో ఎండుటాకులు నాలుగంగుళాల మందాన పరిస్తే తేమ త్వరగా ఆరదు. పక్కన మెడ వరకు మట్టికుండ పాతి, నీళ్లు నింపి మూత పెడితే కుండ గోడల నుంచి నీరు మెల్లగా వేళ్లకు అందుతుంది. అప్పుడు రోజూ రానక్కర్లేదు, కుండ ఖాళీ అయ్యేలోపు వచ్చి నింపితే చాలు. ఎన్ని రోజులకు ఖాళీ అవుతుందో సెలవులకు ముందే ఒకటి పాతి చూసుకుని, దాన్ని బట్టి వంతులు రాసుకోండి.