ఎండలకు ముందు కారు బ్లోవర్ ఫ్యూజు చూసుకోండి

గత వారం మా కాలనీలో ఆగి ఉన్న ఒక కారులో డాష్‌బోర్డు కింద నుంచి పొగ వచ్చింది. మనుషులకేమీ కాలేదు కానీ, ఎడమ సీటు ముందు భాగమంతా మాడిపోయింది. విప్పి చూస్తే బ్లోవర్ (ఏసీ గాలిని లోపలికి తోసే ఫ్యాన్) ఫ్యూజు ఉండాల్సిన చోట మెలిపెట్టిన రాగి తీగ! ఫ్యూజు మాటిమాటికీ పోతోందంటే మెకానిక్ అలా సెట్ చేసి ఇచ్చాడట.

గ్యాసు చూపించుకోండి, సర్వీసింగ్ చేయించండి అని ఎలాగూ అందరూ చెబుతారు. నేను పట్టుబట్టేది ఒక్కదాని మీదే: పోయిన ఫ్యూజు చోట పెద్ద ఫ్యూజు పెట్టొద్దు, తీగ చుట్టొద్దు.

ఫ్యూజు ఉన్నది బ్లోవర్ మోటారు కోసం అనుకుంటారు. నిజానికి అది వైరు కోసం. మామూలు బ్లేడు ఫ్యూజుల్లో పసుపు 20 ఆంపియర్లు, ఆకుపచ్చ 30. పసుపు తీసి ఆకుపచ్చ పెట్టారనుకోండి, మోటారు బిగుసుకుపోయి 28 ఆంపియర్లు లాగుతున్నా ఫ్యూజు పోదు. ఈలోగా వైరు కాగి, పై తొడుగు కరుగుతుంది. పక్కనే కార్పెట్, స్పాంజి. ఇంకేం కావాలి?

ఫ్యూజు పోయిందంటే కారణం వెతకాలి. ఫ్యాన్‌లో చిక్కిన వేపాకులు, ఎలుక పెట్టిన గూడు, ఎలుక కొరికిన వైరు, అరిగిన బేరింగు. మాఘం, ఫాల్గుణాల్లో వేపచెట్టు కింద బండి పెట్టేవాళ్లు ముందు అద్దం కింద ఉండే జాలీని చేత్తో శుభ్రం చేసుకోవాలి.

బ్లోవర్ ఒక్క 4వ స్పీడులోనే తిరుగుతుంటే మోటారు బాగానే ఉన్నట్టు. ఫ్యాన్ స్పీడు తగ్గించే రెసిస్టర్ పోయింది. నాలుగు స్పీడుల మాన్యువల్ ఏసీలో సాధారణంగా 1, 2, 3 దాని గుండా వెళతాయి, 4 నేరుగా వెళుతుంది. ఇది తెలియక మోటారు మార్పించి డబ్బు తగలేసుకున్నవాళ్లు ఎందరో. రెసిస్టర్ చల్లబడేది బ్లోవర్ గాలితోనే కాబట్టి, క్యాబిన్ ఫిల్టర్ దుమ్ముతో మూసుకుపోతే కొత్త రెసిస్టర్ కూడా మాడుతుంది. దాని కప్లర్ (వైర్లను కలిపే ప్లగ్గు) గోధుమరంగుకు తిరిగి ఉంటే దాన్నీ మార్చాలి.

గ్లవ్ బాక్స్ కింద మోటారును మెల్లగా తడితే తిరిగిందా? చాలావరకు మోటారు లోపలికి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగినట్టే. హైవేలో గంటసేపు వెళ్లాక గాలి తగ్గి, ఏసీ ఆపి వట్టి ఫ్యాన్ తిప్పితే మళ్లీ వస్తోందా? కూలింగ్ కాయిల్ మీద మంచు కడుతోంది. అప్పుడు బ్లోవర్ జోలికి వెళ్లొద్దు.

ఇక ఇవి:

– విప్పే ముందు బ్యాటరీ నెగటివ్ తీయండి.
– డాష్‌బోర్డు కింద పసుపు కప్లర్లు ముట్టుకోవద్దు. సాధారణంగా అవి ఎయిర్‌బ్యాగువి.
– అప్పుడే ఆపిన రెసిస్టర్‌ను పట్టుకోవద్దు, చేయి కాలుతుంది.
– ఎడమవైపు కాళ్ల దగ్గర నీళ్లు కారుతుంటే ఏసీ డ్రెయిన్ గొట్టం చూడండి. ఆ నీళ్లు మోటారులోకి వెళ్లొచ్చు.
– ఏసీ సరిగ్గా ఉందా అని మూసిన షెడ్డులో ఇంజను నడపొద్దు. అలా నడుస్తున్న కారులో పడుకోవద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, ప్రాణం పోతుంది.
– కాలిన వాసన వస్తే బ్లోవర్ కట్టేయండి. పక్కకు ఆపండి, ఇంజను ఆపండి, ముందు పిల్లల్ని దించండి. లోపల కూర్చుని వాసన ఎక్కడిదని వెతకొద్దు.
– ఎవరో మెకానిక్ ‘ఏం కాదు సార్, 30 వేస్తే సరిపోతుంది’ అంటే తాళం తీసుకుని వచ్చేయండి.
– సెకండ్ హ్యాండ్ కారు కొంటే ఫ్యూజు బాక్సు మూత మీద రాసిన నంబరును, లోపల ఉన్న ఫ్యూజును పోల్చి చూడండి. ఈరోజే.
– సరైన నంబరు ఫ్యూజు వేసినా వెంటనే పోయిందా? రెండోది వేయొద్దు. పెద్దది అసలే వేయొద్దు. అద్దాలు దించుకుని, చెమటలు కక్కుతూనే, కారు ఎలక్ట్రీషియన్ దగ్గరికి వెళ్లండి.