డ్రిల్, ఉలితో మోర్టైజ్ కొట్టడం

రెండు చెక్కల్ని కలపడానికి ఒకదాంట్లో కొట్టే బెజ్జమే మోర్టైజ్, రెండోదాని చివర అందులో దూరేలా కోసే నాలుక టెనన్. మోర్టైజ్ మెషిన్ లేదని ఆగిపోనక్కర్లేదు. డ్రిల్, పదునైన ఉలి, కొయ్య సుత్తి చాలు.

బెజ్జం వెడల్పుని చెక్క మందంలో మూడో వంతు పెట్టుకోండి. 36 మి.మీ. చెక్కకి 12 మి.మీ. నేనైతే చేతిలో ఉన్న ఉలి వెడల్పుకే గీతలు సరిచేసుకుంటాను. అంచుకి సమాంతరంగా గీతలు గీసే మార్కింగ్ గేజ్‌ని ఎప్పుడూ ఒకే వైపు ఆనించి గీయాలి. అడ్డగీతలు మాత్రం మూలమట్టం పెట్టి కత్తితో గీయండి. పెన్సిల్ గీతలో ఉలి అంచు కూర్చోదు, కత్తి గాటులో టక్కున దిగుతుంది. బెజ్జం చెక్క చివరికి దగ్గరగా వస్తే అక్కడ 20 మి.మీ. పొడవు అదనంగా ఉంచి, అతికించాక కోసేయండి. లేదంటే పగులుతుంది.

12 మి.మీ. బెజ్జానికి 10 మి.మీ. బిట్ వాడండి. లోతు తెలియడానికి బిట్‌కి టేప్ చుట్టండి, టెనన్ పొడవు కంటే 2 మి.మీ. ఎక్కువ. ముందు రెండు చివర్లు, తర్వాత మధ్యలో వరసగా రంధ్రాలు వేయాలి. డ్రిల్ నిటారుగా ఉందో లేదో పక్కన మూలమట్టం నిలబెడితే తెలిసిపోతుంది.

ఇక ఉలి పని. పక్క గోడల్ని చేత్తోనే నొక్కుతూ పలచగా చెక్కండి, నారకి సమాంతరంగా గట్టిగా కొడితే చెక్క చీలుతుంది. చివర్లలో నార అడ్డంగా ఉంటుంది కాబట్టి అక్కడ సుత్తి దెబ్బ వేయొచ్చు. ఉలి చదును ముఖం గీత వైపే ఉండాలి. పొట్టు ఎత్తేటప్పుడు మాత్రం ఉలిని చివరి అంచుకి ఆనించి మీటకండి, అంచు నలిగిపోతుంది.

టెనన్ ఆ తర్వాతే కోయండి. బెజ్జానికి తగ్గట్టు దాన్ని చెక్కుకోవడం చాలా తేలిక.