పాత క్లాస్‌మేట్లను ఉష్ణమండల దేశానికి పిలిచే ముందు

టికెట్లు కొనకముందే అందరి పాస్‌పోర్టులూ ఒకసారి చూడండి. ఇంకా 6 నెలల గడువు ఉండాలని చాలా దేశాలు అడుగుతాయి.

ఎల్లో ఫీవర్ టీకా తప్పనిసరైతే కనీసం 10 రోజుల ముందే వేయించుకోవాలి. సర్టిఫికెట్ ఆ తర్వాతే చెల్లుతుంది. మలేరియా మాత్రల్లో కొన్ని వారాల ముందే మొదలుపెట్టాల్సినవి ఉన్నాయి. అందుకే నెలా నెలన్నర ముందే డాక్టర్ని కలవమనండి.

మందుల సంగతి మొహమాటం లేకుండా అడగండి, అదీ విడివిడిగా. హాస్టల్ గోడ దూకినవాడే ఇప్పుడు బీపీ బిళ్ల వేసుకుంటుంటాడు, నలుగురిలో చెప్పడు. కొన్ని బీపీ మందులు ఒంట్లో నీరు తగ్గిస్తాయి. ఎండలో లేచి నిలబడగానే కళ్లు తిరగొచ్చు. ఇన్సులిన్ చేతిసంచిలోనే ఉండాలి. కింది లగేజీలో గడ్డకడితే ఇక పనికిరాదు.

మొదటి రెండు రోజులు కొండలెక్కే ప్రోగ్రాం పెట్టకండి. ఒళ్లు వేడికి అలవాటుపడటానికి వారం పైనే పడుతుంది. మధ్యాహ్నాలు నీడపట్టునే.

డెంగీ దోమ పగలే కుడుతుంది. ముందు సన్‌స్క్రీన్, ఆ పైన దోమల క్రీమ్.

ఖర్చుల లెక్క ఒక్కరికే అప్పజెప్పండి. గురక పెట్టేవాళ్లెవరో కూడా ముందే కనుక్కోండి, గదులు పంచేటప్పుడు టెన్షన్ ఉండదు.