ఏడున్నరా, ఎనిమిదా? మొదటి తూటాల డబ్బా కొనేముందు

మొదటిసారి షాట్‌గన్ తూటాలు కొన్నప్పుడు చీర కొన్నట్టే కొన్నాను. రేటు ఎక్కువుంది, డబ్బా మీద టర్కీ కోడి బొమ్మ దర్జాగా ఉంది, సరుకు మంచిదే అయ్యుంటుందిలే అనుకున్నాను. డాలస్ అవతల, గాల్లోకి ఎగరేసిన పళ్లేల్ని పేల్చే క్లే రేంజ్‌లో నాలుగు పేల్చేసరికి భుజం కమిలి వంకాయ రంగుకి తిరిగింది. వారం రోజులు జడ వేసుకోవడానికి కుడిచెయ్యి పైకి లేవలేదు. నాలుగో చప్పుడికి రేంజ్‌లో నేర్పించే పెద్దాయన వచ్చి, డబ్బా అటూ ఇటూ తిప్పి చూసి, "ఇవి ఇంటికి పట్టుకెళ్లమ్మా, ఇక్కడ ఏడున్నర నంబరు కంటే లావు షాట్ పూసలు వాడనివ్వం" అన్నాడు. ఆయన అన్నది ఇంగ్లీషులోనే గానీ నాకు మాత్రం మా తెనాలి మాస్టారి గొంతులో వినపడింది.

ఈ ఏడు సెప్టెంబర్ ఒకటికి మా మరిది గువ్వల వేటకి వస్తానంటున్నాడు. ఫోన్‌లో మొదటి ప్రశ్నే "వదినా, పవర్ ఎక్కువున్నవి తెచ్చుకుంటే బాగా తగుల్తాయి కదా?" అని. తగిలేది నీ భుజానికే నాయనా, అన్నాను. అప్పుడు చెప్పినవే ఇక్కడ రాస్తున్నా.

కొట్టుకి వెళ్లేముందు బ్యారెల్ మీద చెక్కిన రాత చదవండి. "12 గేజ్, 3 అంగుళాలు" లాంటిది ఉంటుంది. గొట్టం లోపలి వెడల్పుకి సరిపోయే సీసపు గుండ్లు పన్నెండు కలిస్తే ఒక పౌను తూగుతాయి, అందుకే 12 గేజ్. ఇరవై కలిస్తే పౌను అయ్యేది 20 గేజ్. అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుందన్నమాట. దీన్ని మాత్రం చిన్న విషయం అనుకోకండి. 20 గేజ్ తూటా పొరపాటున 12 గేజ్ గన్‌లో పడితే జారి ముందుకెళ్లి గొట్టంలో ఇరుక్కుంటుంది. వెనక చూస్తే ఖాళీగానే కనపడుతుంది, ఇంకో తూటా పెట్టి నొక్కితే బ్యారెల్ పగిలిపోతుంది. 20 గేజ్ తూటాలకి పసుపు రంగు వేసేది అందుకే. మా ఇంట్లో మా ఆయనది 12, నాది 20. నా పసుపు తూటాలు ఆయన జేబులోకి పొరపాటున కూడా వెళ్లకూడదని సంచులు కూడా వేరే పెట్టాం.

పొడవు దగ్గర ఒక మెలిక ఉంది. డబ్బా మీద రాసే పొడవు పేలాక మూతి విచ్చుకున్న తూటాది. పేలకముందు అది పొట్టిగా ఉంటుంది కాబట్టి మూడంగుళాలది రెండుంముప్పావు గన్‌లో కూడా బుద్ధిగా పడుతుంది. పట్టింది కదా అని పేల్చకండి. మూతి విచ్చుకోడానికి చోటుండదు, లోపల ఒత్తిడి ప్రమాదకరంగా పెరుగుతుంది. పెద్ద గన్‌లో పొట్టి తూటా వాడొచ్చు, చిన్న గన్‌లో పొడుగుది వాడకూడదు. క్లేస్‌కి ఎలాగూ రెండుంముప్పావు మించి అవసరం లేదు.

ఇక అంకెలు. ఆ పెద్దాయన ఒక తూటాని నిలువునా కోసి, పేలుడు మందు పక్కకి తీసేసి, సీసపు పూసల్ని డబ్బా మూతలో పోసి చూపించాడు. (మీరు ఇంట్లో ఈ పని పెట్టుకోకండి.) అడుగున ఇత్తడి గిన్నె, దానిమీద మందు, మందుకీ పూసలకీ మధ్య పువ్వులాంటి ప్లాస్టిక్ వాడ్, పైన పూసలు. తొమ్మిదో నంబరు పూస రెండు మిల్లీమీటర్లు, పోపులో ఆవగింజంత. నాలుగోది సన్న మిరియమంత. అమెరికా లెక్కలో 17లోంచి నంబరు తీసేస్తే పూస వెడల్పు అంగుళంలో నూరో వంతుల్లో వస్తుంది. ఎనిమిదో నంబరైతే 17లోంచి 8 పోగా 9, అంటే 0.09 అంగుళం. నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది, లెక్క పెరుగుతుంది. ఒక ఔన్సులో ఏడున్నరవి సుమారు 350, ఎనిమిదివి 410, తొమ్మిదివి 585.

ఏడున్నర అనగానే మనకి శని గుర్తొస్తుంది గానీ, తుపాకీ లోకంలో అదే శుభ సంఖ్య. క్లే పళ్లెం 108 మిల్లీమీటర్లది, పెళుసు, రెండు మూడు పూసలు గట్టిగా తగిలినా చిట్లుతుంది. పళ్లెం దూరంగా పారిపోయే ట్రాప్ ఆటకి ఏడున్నరో ఎనిమిదో, దగ్గర్లో అడ్డంగా దూసుకెళ్లే స్కీట్ ఆటకి తొమ్మిది. ఒక్క డబ్బాయే కొంటానంటే ఎనిమిది తీసుకోండి.

భుజం సంగతి తేల్చేవి మిగతా రెండు అంకెలు, పూసల బరువు, వేగం. రెండూ పెరిగితే తన్నుడు పెరుగుతుంది. 12 గేజ్‌లో ఔన్సు (సుమారు 28 గ్రాములు) లేదా అంతకంటే తక్కువ, వేగం సెకనుకి 1150 నుంచి 1200 అడుగులు ఉంటే కొత్తవాళ్లు నాలుగు డబ్బాలు, అంటే వంద తూటాలు, హాయిగా పేల్చగలరు. 32 గ్రాముల బరువు, 1300 అడుగుల వేగం అని రాసున్నవి పక్కన పెట్టండి. తేలికవి సరిపోవేమోనని అనుమానమా? ఒలింపిక్స్‌లో ట్రాప్, స్కీట్ రెండింటికీ 24 గ్రాములే. మన హైదరాబాదు కైనన్ చెనాయ్ హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో ట్రాప్ కాంస్యం గెలిచిందీ ఆ బరువుతోనే. ఒక చిక్కు మాత్రం ఉంది. కొన్ని సెమీ ఆటోమేటిక్ గన్‌లు మరీ తేలిక తూటాలకి ఖాళీ గుల్లని బయటికి నెట్టలేక మొరాయిస్తాయి. ఒక డబ్బా పేల్చి చూశాకే పది డబ్బాల పెట్టె కొనండి.

వేటకి కూడా గువ్వలకైతే అవే తూటాలు. ఔన్సు బరువు, ఏడున్నర లేదా ఎనిమిది. మా మరిదికి ఇది వినగానే నీరసం వచ్చింది. ఫెజెంట్ అనే కోడిలాంటి పక్షికి ఐదు, ఆరు నంబర్లు. బాతులకైతే అమెరికా అంతటా 1991 నుంచి సీసం నిషేధం, కాబట్టి స్టీలు. స్టీలు తేలిక కనక రెండు నంబర్లు లావుది తీసుకోవాలి. సీసంలో నాలుగు వాడేచోట స్టీలులో రెండు. పాత గన్‌లలో, బాగా బిగువు చోక్‌లలో (గొట్టం మూతి దగ్గర సన్నబడే భాగం) స్టీలు వాడితే బ్యారెల్ పాడవుతుంది, ముందే కనుక్కోండి. కొన్ని ప్రభుత్వ భూముల్లో గువ్వలకి కూడా సీసం కుదరదు.

టెక్సస్‌లో గువ్వలు రోజుకి పదిహేను. గన్‌లో మూడు తూటాలకి మించి పట్టకుండా లోపల ప్లగ్ ఉండాలి. మెడ వెనక నల్లపట్టీ ఉన్న యూరేషియన్ గువ్వకి మాత్రం ఇక్కడ లెక్కా లేదు, సీజనూ లేదు, పరాయి పక్షి కాబట్టి. మన పొలాల్లో కరెంటు తీగల మీద కూర్చునేది అదే జాతి. నాకు దాని మీద మాత్రం చెయ్యి రాదు, మా ఆయన నవ్వుతాడు. గువ్వ వేపుడు తినేటప్పుడు నెమ్మదిగా నమలండి, మాంసంలో పూస మిగిలుంటే పన్ను విరుగుతుంది. పేల్చి వచ్చాక సబ్బుతో చేతులు కడగందే ఏదీ ముట్టుకోకండి, సీసం మసి అంటుకుని ఉంటుంది.

వీసా మీద ఉన్నవాళ్లు ఇంకో సంగతి చూసుకోవాలి. గన్ ఒక్కటే కాదు, తూటా దగ్గర పెట్టుకోవడం మీద కూడా ఫెడరల్ ఆంక్షలున్నాయి. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది, కానీ నా మాట పట్టుకుని కాకుండా లాయర్ని అడిగి చేయండి.

రేంజ్‌కి తీసుకెళ్లిన సంచీ ఇండియా ప్రయాణానికి వాడొద్దు. మన దగ్గర ఎయిర్‌పోర్టులో ఒక్క తూటా బయటపడినా వ్యవహారం పోలీసుల దాకా వెళ్తుంది. పోయినేడాది మేం బయల్దేరే ముందు రాత్రి మా ఆయన జాకెట్ దులిపితే లోపలి జేబులోంచి ఒకటి కిందపడింది. పసుపుది.