ఎమర్సన్ కాలేజీకి దరఖాస్తు: చిక్కంతా ప్రిన్సిపాల్ ఈమెయిలు దగ్గరే

అమెరికాలో సినిమా, జర్నలిజం, నాటకం, రచన వంటివి చదవాలనుకునే పిల్లలు అడిగే కాలేజీల్లో బోస్టన్ నగరంలోని ఎమర్సన్ ఒకటి. 1880లో వక్తృత్వం నేర్పే బడిగా మొదలైన ప్రైవేటు సంస్థ ఇది. ఇప్పటికీ దాని చదువులన్నీ కమ్యూనికేషన్, కళల చుట్టూనే తిరుగుతాయి. దీనికి దరఖాస్తు చేయడానికి దళారి అక్కర్లేదు. ఆ మాట ముందే చెప్పడానికి కారణం ఉంది.

మా వీధిలో ఒకమ్మాయి కిందటేడు ఇలాగే కళల కోర్సుల కోసం కొన్ని అమెరికా కాలేజీలకు దరఖాస్తు చేసింది. కన్సల్టెన్సీ వాళ్లు లక్షన్నర తీసుకున్నారు. జూనియర్ కాలేజీ ప్రిన్సిపాల్ పేరు మీద ఒక జీమెయిల్ ఖాతా తెరిచి, సిఫారసు లేఖ వాళ్లే రాసి, వాళ్లే పంపారు. సీటు వచ్చాక అక్కడి నుంచి ఎవరో జూనియర్ కాలేజీ ఆఫీసుకు ఫోను చేసి వివరాలు అడిగారు. తాను ఏ లేఖా రాయలేదని ప్రిన్సిపాల్‌గారు ఉన్నమాటే చెప్పారు. సీటు పోయింది, లక్షన్నరా తిరిగి రాలేదు. ఆ ఖాతా సంగతి ఆ పిల్లకు అప్పటిదాకా తెలియనే తెలియదు.

తేలిక పనులు ముందు చూద్దాం. దరఖాస్తు కామన్ యాప్ అనే వెబ్‌సైటులో నింపాలి. ఏటా ఆగస్టు 1న కొత్త ఏడాది దరఖాస్తులు తెరుచుకుంటాయి. పేరు పాస్‌పోర్టులో ఎలా ఉంటే అలాగే రాయండి. టెన్త్ మెమోలో ఇంటిపేరు ముందుండి, పాస్‌పోర్టులో వెనక ఉన్నవాళ్లు ఈ ఒక్క చోట జాగ్రత్తపడాలి. వ్యాసం 650 పదాలు దాటకూడదు. అమెరికా కాలేజీ ప్రవేశాలకు రాసే శాట్ పరీక్ష రాయకపోయినా ఫరవాలేదు. ఇంగ్లీషు కోసం టోఫెల్, ఐఈఎల్టీఎస్ వంటి పరీక్షల్లో ఒకటి రాస్తే చాలు. నటన, రంగస్థల కోర్సులు కోరేవాళ్లు ఆడిషన్‌గానీ, చేసిన పనుల పోర్ట్‌ఫోలియోగానీ విడిగా ఇవ్వాలి. దాని గడువు వేరుగా చూసుకోండి.

ఇక అసలు సంగతి. కామన్ యాప్‌లో ‘కౌన్సెలర్’ అనే గడి ఉంటుంది. విద్యార్థి చదివిన బడి నుంచి ఒక పెద్దమనిషి స్కూల్ రిపోర్టు అనే ఫారం నింపి, మార్కుల పత్రాలు జతచేసి, నేరుగా కాలేజీకి పంపాలి. అమెరికా బడుల్లో ఈ పనికి ప్రత్యేకంగా ఉద్యోగి ఉంటారు. మన ఇంటర్ కాలేజీల్లో ఆ పేరుతో కుర్చీయే ఉండదు. ఈ సందులోంచే దళారి లోపలికి వస్తాడు.

కౌన్సెలర్ లేకపోతే ప్రిన్సిపాలే ఆ పని చేయవచ్చు. వైస్ ప్రిన్సిపాల్ చేసినా, మిమ్మల్ని ఎరిగిన సీనియర్ లెక్చరర్ కాలేజీ తరఫున చేసినా చెల్లుతుంది. ఈమెయిలు మాత్రం నిజంగా ఆయనదే అయి ఉండాలి. కాలేజీ పేరుతో ఉన్న చిరునామా అయితే మంచిది. అలాంటిది లేకపోతే ఆయన రోజూ వాడే సొంత చిరునామా ఇవ్వండి, కాలేజీ లెటర్‌హెడ్, ముద్ర, ఆఫీసు ఫోను నంబరు లేఖలో ఉండేలా చూడండి. చిన్న కాలేజీ నుంచి జీమెయిల్ రావడం తప్పు కాదు. ఆయనకు తెలియకుండా రావడమే తప్పు.

ప్రిన్సిపాల్‌గారి దగ్గరికి సెప్టెంబరులోనే వెళ్లండి, దసరా సెలవులకు ముందు. ఒక్క కాగితం మీద మీరు కోరుతున్న కోర్సు, గడువు తేదీ, మీరు చేసిన నాటకాలు, రాసినవి, తీసిన చిన్న చిత్రాలు రాసిపెట్టి ఇవ్వండి. ఆ ఫారం ఆయనకూ కొత్తే. ‘ఇదంతా నాకెందుకు బాబూ’ అని ఆయన విసుక్కుంటే నొచ్చుకోవద్దు. పక్కన కూర్చుని ఒక్కో గడి అర్థం చెప్పవచ్చు. మీరు నింపడం మాత్రం కుదరదు. ర్యాంకులు ఇవ్వని కాలేజీ అయితే ర్యాంకు లేదనే రాయమనండి.

మార్కుల విషయంలో ఇంకో తిరకాసు. అక్కడ హైస్కూలు అంటే తొమ్మిది నుంచి పన్నెండు వరకు. అంటే మీ తొమ్మిదో తరగతి మార్కులూ కావాలి. ఆ ప్రోగ్రెస్ కార్డు ఎవరింట్లోనూ దొరకదు! పాత బడికి వెళ్లి, రిజిస్టరు చూసి లెటర్‌హెడ్ మీద మార్కులు రాసివ్వమని అడగండి. దానితోపాటు టెన్త్ మెమో, ఇంటర్ మొదటి ఏడాది మెమో వెళ్తాయి. టెన్త్ మెమోలో పదికి జీపీఏ ఉంటే పదికే అని రాయండి. అమెరికా పద్ధతిలో నాలుగుకు మార్చి ఇస్తామంటూ కొందరు డబ్బు గుంజుతారు, ఆ మార్పిడి మీ పని కాదు.

గడువులు నవంబరు మొదట్లో ఒకసారి, జనవరిలో ఇంకోసారి వస్తాయి. నవంబరులో ‘ఎర్లీ డెసిషన్’ అనే దారి ఒకటుంది. దాని ఒప్పందం మీద మీరు, తల్లి లేదా తండ్రి, కౌన్సెలర్ సంతకం చేయాలి. సీటు వస్తే అక్కడే చేరతామని మాట ఇచ్చినట్టు. ఏడాది ఖర్చు, వసతితో కలిపి, 75 వేల డాలర్లు దాటుతుంది. అంటే 60 లక్షల రూపాయలకు పైమాటే. విదేశీ విద్యార్థులకు అమెరికా ప్రభుత్వ సాయం రాదు. ఇంట్లో లెక్క తేలకుండా ఆ సంతకం పెట్టకండి. అదే నవంబరులో ‘ఎర్లీ యాక్షన్’ ఉంది, దానికి ఈ కట్టుబాటు లేదు. రెండు పేర్లూ ఒకేలా ఉన్నాయని దళారి ఒకదాని బదులు ఇంకొకటి నొక్కేయవచ్చు. పాస్‌వర్డు మీ దగ్గరే ఉంచుకోండి.

సీటు వచ్చాక ఐ-20 కోసం, అంటే స్టూడెంట్ వీసాకు కావలసిన, కాలేజీ ఇచ్చే పత్రం కోసం, బ్యాంకు పత్రాలు అడుగుతారు. అక్కడ చూసేది చేతికందే డబ్బు. పొలం, ఇల్లు ఎంత విలువ చేస్తాయో ఆడిటరు రాసిచ్చిన కాగితంతోనే పని జరగదు. నెల రోజులు ఖాతాలో డబ్బు వేసి చూపిస్తామనేవాళ్ల జోలికి పోవద్దు, వీసా అధికారి ఆ డబ్బు ఎక్కడిదని అడిగితే జవాబు చెప్పాల్సింది మీరే.

ఇంటర్ రెండో ఏడాది ఫలితాలు వచ్చాక తుది మార్కులు పంపాల్సిందీ మళ్లీ ఆ ప్రిన్సిపాల్‌గారే. వేసవిలో ఆయన వేరే బ్రాంచికి మారిపోతే వెతుక్కోవడం కష్టం. చివరి పరీక్ష రోజున ఆయన సొంత ఫోను నంబరు అడిగి రాసుకోండి.