సంచిలో గిటార్ రిగ్, 4వ పాఠం: స్ప్రింగ్ రివర్బ్

మొదటి మూడు పాఠాలూ చేసినవాళ్ల దగ్గర ఇప్పటికి 12 వోల్టుల బ్యాటరీ, చిన్న క్లాస్-డి ఆంప్ బోర్డు, ఆరంగుళాల స్పీకరు, ప్రీఆంప్ (గిటార్ సిగ్నల్‌ని ముందుగా పెంచేది), అన్నీ ఒకే పెట్టెలో ఉన్నాయి. స్కూటర్ మీద పెట్టుకుని విజయవాడ పున్నమి ఘాట్‌కు తీసుకెళ్లి, కరెంటు ప్లగ్గు కోసం ఎవర్నీ అడక్కుండా వాయించుకోవచ్చు. అయితే ఆరుబయట వాయించగానే ఒక లోటు తెలుస్తుంది. గోడల్లేవు, పైకప్పు లేదు, తీగ మీటగానే శబ్దం అటే పోతుంది, తిరిగి రాదు. గదిలో నిండుగా వినిపించిన గిటారే కృష్ణ ఒడ్డున పొడిపొడిగా ఉంటుంది. గదిలో శబ్దం గోడలకు తగిలి తిరిగొచ్చి కాసేపు నిలవడాన్నే రివర్బ్ అంటారు. ఆ గదిని మనతో పాటు మోసుకెళ్లడమే ఈ పాఠం.

డిజిటల్ రివర్బ్ పెడల్ కొనేస్తే పోదా అని అడుగుతారు. పోతుంది, తేలిక కూడా. కానీ స్ప్రింగ్‌లో వచ్చే ఆ తడి తడి "ట్వాంగ్" నాకు ప్రాణం, అది నిజమైన ఉక్కు తీగచుట్ట కదిలితేనే సరిగ్గా వస్తుందని నా గట్టి అభిప్రాయం. పైగా మన చేత్తో సోల్డర్ చేసి, వేలితో తట్టి, కంటితో చూసి నేర్చుకోగలిగిన రివర్బ్ ఇదొక్కటే.

ఇది మొదట గిటార్ కోసం పుట్టింది కాదు. ఇళ్లలో, చర్చిల్లో వాడే హామండ్ ఆర్గన్లకు పెద్ద హాలు గంభీరత తేవడానికి స్ప్రింగులు వాడారు. గిటార్ వైపు ఫెండర్ అనే ఆంప్‌ల కంపెనీ 1961లో విడి రివర్బ్ పెట్టె తెచ్చింది, 1963లో వైబ్రోవెర్బ్ అనే ఆంప్‌లోనే దాన్ని కలిపేసింది.

పనిచేసే తీరు చూడండి. ట్యాంక్ అనే రేకు పెట్టెలో రెండో మూడో సన్నటి స్ప్రింగులు లాగి కట్టి ఉంటాయి. ఒక చివర కాయిల్‌లోకి మన గిటార్ సిగ్నల్ పంపితే చిన్న అయస్కాంతం మెలితిరుగుతుంది, ఆ మెలిక స్ప్రింగ్ వెంట ప్రయాణించి అవతలి చివర ఇంకో కాయిల్‌లో మళ్లీ కరెంటుగా మారుతుంది, అక్కడితో ఆగకుండా వెనక్కి తిరిగి అటూ ఇటూ తిరుగుతూ నెమ్మదిగా అణుగుతుంది. స్ప్రింగులో అన్ని స్వరాలూ ఒకే వేగంతో నడవవు, ఆ చినుకు పడ్డట్టుండే చప్పుడు అందుకే.

ఇప్పుడు అసలు విషయం. బ్యాటరీ రిగ్గుకు రివర్బ్ పెట్టడంలో సగం పని సరైన ట్యాంక్ ఎంచుకోవడమే. చాలామంది చేతికి దొరికిన ట్యాంక్ కొని, అది పలకకపోతే సర్క్యూట్‌ని తిట్టుకుంటారు. ట్యాంక్ మీద ఉండే కోడ్ చదవడం నేర్చుకోండి. మొదటి అంకె సైజు. 4 అంటే సుమారు 17 అంగుళాల పొడవు, పెద్ద ఆంపుల్లో ఉండేది, మన సంచిలో పట్టదు. 8 అంటే తొమ్మిదింబావు అంగుళాలు, మూడు స్ప్రింగులు, మనకు కావాల్సింది ఇదే. రెండో అక్షరం ఇన్‌పుట్ ఇంపీడెన్స్, అంటే సిగ్నల్‌కు కాయిల్ చూపే అడ్డు, ఇక్కడే జాగ్రత్త పడాలి. 8 సైజులో ఏ (A) అంటే 10 ఓమ్‌లు, ఈ (E) అంటే 800, ఎఫ్ (F) అంటే 1925. ఎక్కువ ఓమ్‌ల కాయిల్‌కు కరెంటు తక్కువ చాలు కానీ వోల్టేజీ ఎక్కువ కావాలి. అదీ కాక కాయిల్ కాబట్టి స్వరం పైకి వెళ్లే కొద్దీ ఇంపీడెన్స్ పెరుగుతూ పోతుంది, 1 కిలోహెర్ట్జ్ దగ్గర 800 ఉన్నది 4 కిలోహెర్ట్జ్ దగ్గర దాదాపు నాలుగింతలవుతుంది. మన దగ్గరున్నది 9 నుంచి 12 వోల్టులే, అంత వోల్టేజీ ఎక్కణ్ణుంచి తెస్తాం? అదే ఏ (A) రకానికైతే సుమారు 28 మిల్లీఆంపుల కరెంటు కావాలి, వోల్టేజీ మాత్రం పావు వోల్టు చాలు. బ్యాటరీ కరెంటు ఇవ్వగలదు, వోల్టేజీ పెంచలేదు. అందుకే 8ఏబీ2 (8AB2)తో మొదలయ్యే కోడ్ వెతకండి. బీ అంటే అవుట్‌పుట్ 2575 ఓమ్‌లు, 2 అంటే మధ్యస్థంగా సాగే తోక (మీటడం ఆగాక ఇంకా వినిపించే శబ్దం). తర్వాతి అక్షరం గ్రౌండ్ గురించి చెబుతుంది. బీ గానీ సీ గానీ అయితే మంచిది, ట్యాంక్ రేకుకు ఒక వైపు నుంచే గ్రౌండ్ అందుతుంది, హమ్ (గుంయ్‌మనే రొద) గొడవ తగ్గుతుంది. ట్యాంక్ మాత్రం ఆన్‌లైన్‌లో తెప్పించుకోవాలి, మిగతావి విడిభాగాల షాపుల్లో మామూలుగా దొరికేవే.

రాగానే మల్టీమీటర్ పెట్టండి. ఇన్‌పుట్ దగ్గర ఒక ఓమ్ అటూ ఇటూ, అవుట్‌పుట్ దగ్గర 200 ఓమ్‌ల చుట్టుపక్కల చూపిస్తుంది. 10, 2575 చూపించలేదని కంగారు పడొద్దు, ఆ అంకెలు 1 కిలోహెర్ట్జ్ దగ్గరి ఇంపీడెన్స్, మీటరు కొలిచేది తీగ నిరోధం.

సర్క్యూట్‌కు రెండే ఐసీలు: ఒక టీఎల్072 (ఒకే చిప్‌లో రెండు చిన్న ఆంప్‌లు), ఒక ఎల్ఎం386 (ట్యాంక్‌ని నడిపే ఆంప్, కింద 386 అంటే ఇదే). బ్యాటరీ ఛార్జింగ్‌లో ఉన్నప్పుడు 14 వోల్టుల దాకా ఎక్కుతుంది కాబట్టి ముందు ఒక 7809 రెగ్యులేటర్ పెట్టి నికరంగా 9 వోల్టులు తీసుకోండి. టీఎల్072కి సప్లయి 100 ఓమ్‌ల రెసిస్టర్, 100 మైక్రోఫారడ్ కెపాసిటర్ గుండా వెళ్లాలి, లేకపోతే 386 కరెంటు లాగినప్పుడల్లా "బుడబుడ" మొదలవుతుంది. దాని మధ్య వోల్టేజీ (సప్లయిలో సగం) కోసం రెండు 10కె (10,000 ఓమ్‌ల) రెసిస్టర్లు, ఇంకో 100 మైక్రోఫారడ్ కెపాసిటర్.

టీఎల్072లో మొదటి సగం బఫర్, అంటే సిగ్నల్‌ని పెంచకుండా బలంగా ముందుకు పంపేది. ప్రీఆంప్ నుంచి వచ్చిన సిగ్నల్ దీని గుండా వెళ్లి రెండు దారులుగా చీలుతుంది. ఒకటి మామూలు గిటార్, 47కె రెసిస్టర్ దాటి నేరుగా ఆంప్‌కి పోతుంది. ఈ దారిని దేనికోసమూ తెంచకండి, రివర్బ్ పాడైనా పాట ఆగకూడదు. రెండోది 0.047 మైక్రోఫారడ్ కెపాసిటర్ దాటి 10కె వాల్యూమ్ కంట్రోల్‌కి, దాని మధ్య కాలు నుంచి 386 మూడో పిన్‌కి. ఆ కెపాసిటర్ చిన్నదిగా ఉన్నది కావాలనే. సుమారు 350 హెర్ట్జ్ కింద బేస్‌ని కోసేస్తుంది, బేస్ స్ప్రింగులోకి వెళితే బురదే తప్ప అందం రాదు. 386లో 2, 4 పిన్‌లు గ్రౌండ్‌కి, 6 సప్లయికి, 1, 8 ఖాళీగా వదిలేయండి, 20 రెట్లు గెయిన్ చాలు, నిజానికి ఎక్కువే. ఐదో పిన్ నుంచి 220 మైక్రోఫారడ్, తర్వాత వరుసగా ఒక 10 ఓమ్‌ల రెసిస్టర్, తర్వాత ట్యాంక్. ఆ రెసిస్టర్ మానేయకండి, కింది స్వరాల దగ్గర ట్యాంక్ దాదాపు షార్ట్ సర్క్యూట్‌లా ఉంటుంది, పాపం 386 వేడెక్కిపోతుంది. ఐదో పిన్ నుంచి గ్రౌండ్‌కి 10 ఓమ్‌లు, 0.047 మైక్రోఫారడ్ వరుసగా వేస్తే ఈలలు రావు.

ట్యాంక్ అవతలి చివర నుంచి వచ్చేది కొద్ది మిల్లీవోల్టులే. టీఎల్072 రెండో సగాన్ని 100 రెట్లు పెంచేలా పెట్టండి: ఫీడ్‌బ్యాక్‌కి 100కె, కిందికి 1కె, ఆ 1కె కింద 1 మైక్రోఫారడ్. ఇన్‌పుట్‌కి 0.1 మైక్రోఫారడ్, మధ్య వోల్టేజీకి 100కె. బయటికి వచ్చేదాన్ని 1 మైక్రోఫారడ్ గుండా 100కె వాల్యూమ్‌కి ఇచ్చి, దాని మధ్య కాలు నుంచి 47కె ద్వారా మామూలు గిటార్ దారిలో కలపండి.

అన్నీ ఒకేసారి కలిపి ఆన్ చేయొద్దు. ముందు రెండో సగం, ట్యాంక్ అవుట్‌పుట్ మాత్రమే కలిపి పెట్టెను వేలితో మెల్లగా తట్టండి. ఉరిమినట్టు "ఢాం" అని స్పీకర్లోంచి వస్తే సగం గెలిచినట్టే. రాకపోతే తప్పు అక్కడే ఉంది, 386 వైపు చూడనక్కర్లేదు. తర్వాతే డ్రైవ్ (386 వైపు) కలిపి, దాని కంట్రోల్ సున్నా నుంచి కొంచెం కొంచెం పెంచుతూ, తీగను చేత్తో ఆపి తెగ్గొట్టినట్టు ఒక్క దెబ్బ కొట్టి తోక వినండి. గరగరలాడితే డ్రైవ్ తగ్గించి రివర్బ్ వాల్యూమ్ పెంచాలి, వట్టి బుస వినిపిస్తే దానికి తిరగేసి చేయాలి.

బిగించడం తొందర పని కాదు. ట్యాంక్ అవుట్‌పుట్ చివర ఎక్కడ అయస్కాంత క్షేత్రముందా అని వెతుకుతూ ఉంటుంది, స్పీకరుకూ క్లాస్-డి బోర్డుకూ వీలైనంత దూరంగా పెట్టి, చిన్న షీల్డెడ్ వైరు వాడండి. ఆంప్ ఆన్‌లో ఉండగా ట్యాంక్‌ని అటూ ఇటూ తిప్పి హమ్ తక్కువున్న చోట గుర్తు పెట్టుకుని, అక్కడే బిగించండి. స్పీకరున్న చెక్కకు నేరుగా స్క్రూలు కొడితే వాల్యూమ్ పెంచగానే స్ప్రింగులు వాటంతట అవే ఊళ పెడతాయి. ఆటోనగర్‌లో సీట్లు కుట్టేవాళ్ల దగ్గర ఫోమ్ ముక్క, రెక్సిన్ తీసుకుని ట్యాంక్‌కి విడిగా సంచి కుట్టించండి, దాన్ని పెట్టె అడుగున పరిచి వెల్క్రోతో కట్టేస్తే చాలు. తెరిచిన వైపు పైకి ఉండాలా కిందికా అన్నది కోడ్‌లో చివరి అక్షరం చెబుతుంది, ఏ (A) అయితే పైకి, బీ (B) అయితే కిందికి. స్కూటర్ మీద వెళ్లేటప్పుడు స్ప్రింగులు కొక్కేల నుంచి జారకుండా ట్యాంక్ కింద, పక్కల ఫోమ్ గట్టిగా పట్టి ఉండాలి, స్ప్రింగులకు మాత్రం ఏదీ తగలకూడదు.

వచ్చే పాఠంలో ఫుట్‌స్విచ్. దాన్ని రివర్బ్ వాల్యూమ్ దగ్గర కాకుండా 386 ముందు పెడతాం, అప్పుడు కాలితో నొక్కినా అప్పటికే స్ప్రింగుల్లో ఉన్న తోక ఠక్కున తెగకుండా దానంతట అది అణుగుతుంది. ఒక లాచింగ్ స్విచ్ (ఒకసారి నొక్కితే అలాగే నిలిచేది), మూడు మీటర్ల షీల్డెడ్ వైరు, ఒక మోనో జాక్ తెచ్చిపెట్టుకోండి.