పాత కారు ఇగ్నిషన్ కాయిల్: వానలకు ముందే చూసుకోవలసినవి

వేసవి అంతా చక్కగా నడిచిన పాత పెట్రోలు కారు మొదటి పెద్ద వానకే మొరాయిస్తే, చాలాసార్లు దానికి ఇగ్నిషన్ భాగాలకు చేరిన తేమే కారణమవుతుంది. బ్యాటరీ ఇచ్చే 12 వోల్టులను కాయిల్ 20,000 వోల్టులకు పైగా పెంచి స్పార్క్ ప్లగ్గుకు పంపుతుంది కనుక, తొడుగు మీద వెంట్రుకవాసి పగులూ దానిపై కాస్త తడీ ఉంటే చాలు, స్పార్కు ప్లగ్గు దాకా పోకుండా పక్కనున్న ఇనుముకు దూకుతుంది.

ఏ సిలిండరు పనిచేయడం లేదో తెలుసుకోవడానికి ఇంజను నడుస్తుండగా ఒక్కొక్క ప్లగ్గు వైరూ లాగి చూడడం పాత అలవాటే అయినా, దానిని మానుకోవాలి. షాక్ తగలడం ఒక ప్రమాదం కాగా, బయటికి దారి దొరకని వోల్టేజీ కాయిల్‌నూ, ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉన్న బండ్లలో స్పార్కును అదుపు చేసే మాడ్యూల్‌నూ లోపలే దెబ్బతీయడం రెండో ప్రమాదం. దానికి బదులు, స్పార్కు వస్తోందో లేదో చూపే, ఎర్తు చేసిన స్పార్క్ టెస్టర్‌ను, పెట్రోలు వాసన లేని, గాలి ఆడే చోట మాత్రమే వాడాలి. పేస్‌మేకర్ ఉన్నవారు ఈ పనిని మరొకరికి అప్పగించడం మంచిది.

కాయిల్ మీద నేరం మోపే ముందు ప్లగ్గులు విప్పి చూడాలి. కొత్త కాయిల్ కొనడానికి వెనుకాడని వారు కూడా ఈ చిన్న పనికి బద్ధకిస్తారు. ప్లగ్గు అరిగి గ్యాప్ పెరిగితే, ఆ ఖాళీని దాటించడానికి కాయిల్ మరింత వోల్టేజీ పుట్టించవలసి వస్తుంది. ప్లగ్గు మార్చకుండా కాయిల్ ఒక్కటే మారిస్తే, కొత్తదీ అదే భారం మోస్తుంది. వాల్వ్ కవర్ గాస్కెట్ కారి ప్లగ్గు గుంటలో నూనె చేరినా రబ్బరు తొడుగు పాడవుతుంది. కాయిల్ మీద గాని, స్పార్కును ఒక్కో ప్లగ్గుకూ పంచే డిస్ట్రిబ్యూటర్ క్యాప్ లోపల గాని సన్నని నల్లగీతలు కనిపిస్తే, కరెంటు అక్కడ తనకు దారి చేసుకుందని అర్థం.

మల్టీమీటరుతో కాయిల్ నిరోధాన్ని కొలిచేటప్పుడు ఇగ్నిషన్ ఆఫ్ చేసి, కాయిల్ వైర్లు విడదీయాలి. పాత డబ్బా కాయిల్ ప్రైమరీ (బ్యాటరీ వైపు చుట్ట) సాధారణంగా కొద్ది ఓమ్‌లు, సెకండరీ (ప్లగ్గు వైపు చుట్ట) కొన్ని వేల ఓమ్‌లు చూపుతుంది. కచ్చితమైన అంకెకు ఆ బండి మాన్యువలే ప్రమాణం. అయితే చల్లగా ఉన్నప్పుడు సరిగా వచ్చిన కొలత కాయిల్ బాగుందనడానికి రుజువు కాదు. లోపలి చుట్ట వేడికి వ్యాకోచించినప్పుడే తెగిపోయి, చల్లారగానే మళ్లీ అతుక్కోవచ్చు. అరగంట నడిచి ఆగిపోయి, కాసేపటికి ఏమీ ఎరగనట్టు స్టార్ట్ అయ్యే కారులో, ఆగిన వెంటనే, వేడి మీదే మళ్లీ కొలవాలి; చేతికి తొడుగు ఉండాలి. సిలిండరుకో కాయిల్ ఉన్న ఇంజనులో ఇంతకంటే సులువైన దారి ఉంది: అనుమానమున్న దానిని పక్క సిలిండరుకు మార్చినప్పుడు స్కానర్ చూపే పీ0301 కోడ్ (ఒకటో సిలిండరులో మిస్‌ఫైర్, అంటే పెట్రోలు సరిగా మండకపోవడం) పీ0302 (రెండో సిలిండరులో) అయితే, దోషం కాయిల్‌దే.

పాయింట్లు (కాయిల్‌కు కరెంటును కలుపుతూ తెంచుతూ ఉండే స్విచ్చు) ఉన్న కారులో ఇంజను ఆపి తాళం మాత్రం ఆన్‌లో ఉంచకూడదు. పాయింట్లు మూసుకుని ఉంటే కాయిల్‌లో కరెంటు ఆగకుండా పారి అది కాలిపోతుంది. బ్యాలస్ట్ రెసిస్టర్ (కాయిల్‌కు వెళ్లే కరెంటును తగ్గించే భాగం) ఉన్న బండికి దానికి సరిపడే కాయిల్‌నే వేయాలి. మిస్‌ఫైర్‌తో పాటు చెక్ ఇంజన్ దీపం మిణుకుమంటుంటే, కాలని పెట్రోలు, పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌ను ఎర్రగా కాల్చక ముందే బండిని పక్కకు ఆపాలి, ఎండుగడ్డి మీద మాత్రం ఆపకూడదు.